గగనయాన ఆద్యులు – టెలివిజన్ నాటకం

1903 డిసెంబరు 17వ తేదీ ఉదయం 10 గంటల 35 నిమిషాలకు అమెరికాలోని ఉత్తర కెరొలైనా సముద్రతీరాన, కిల్ డెవిల్ హిల్స్ అనే ఇసుకదిబ్బల దగ్గర తీసిన ఛాయాచిత్రం ఒకటి లోకప్రసిద్ధమైనది. రెండు వరుసల రెక్కలు గల ఒక యంత్రం నేలను వదలి కొద్ది అడుగుల ఎత్తున ఉంటుంది. దానిమీద ఒక మనిషి బోర్లా పడుకొని ఉంటాడు. కుడిప్రక్కన మరొక మనిషి, యంత్రం వెంట పరుగెత్తి అప్పుడే ఆగినవాడు, నిశ్చేష్టుడై చూస్తూ ఉంటాడు. పడుకొన్నవాడు ఓర్విల్ రైట్, నిలుచున్నవాడు అతని అన్న విల్బర్. ఈ చిత్రం తీసినవాడు వృత్తిచేత ఛాయాగ్రాహకుడు కాడు. సమీపంలోని ప్రాణరక్షక కేంద్రంలో పనిచేసే జాన్ డేనియల్స్ అనే వ్యక్తి. అంతకు పూర్వం అతడు కెమెరా ముట్టి ఎరుగడు. యంత్రం పట్టాను వదలి లేచే చోటికి ఓర్విల్ ముందుగానే కెమెరాను గురిపెట్టి, రబ్బరు బుడ్డిని ఇతని చేతికిచ్చి, సమయం వచ్చినప్పుడు నొక్కమన్నాడు. ఆ సంభ్రమంలో తాను నొక్కినదీ లేనిదీ డేనియల్సుకే రూఢిగా తెలియలేదు. సోదరులు ఓహాయో రాష్ట్రంలోని డేటన్ నగరానికి తిరిగివెళ్ళి, తమ ఇంటి చీకటిగదిలో ఆ పలకను కడిగినప్పుడు గాని చిత్రం పడిన సంగతి తెలియలేదు.

ఆ మొదటి ప్రయాణం 12 సెకండ్లు. యంత్రం పోయిన దూరం 120 అడుగులు. ఈనాటి పెద్ద విమానం ఒక రెక్క కొననుండి రెండవ రెక్క కొనవరకు ఉండే వెడల్పు ఇంతకంటె ఎక్కువ. ఆ ఉదయం మొత్తం నాలుగుసార్లు ఎగిరారు. నాలుగవసారి విల్బర్ 59 సెకండ్లలో 852 అడుగులు పోయాడు. తరువాత పెనుగాలి ఒకటి వచ్చి, నేలమీద నిలిపి ఉన్న యంత్రాన్ని పల్టీలు కొట్టించింది. అది మరి ఎన్నడూ ఎగరలేదు. నాలుగు ప్రయాణాల కాలాన్ని కలిపినా రెండు నిమిషాలు కాదు. చూచినవారు ఐదుగురు, అందులో ఒకడు ఇంకా పిల్లవాడు.

ఈ కథను టెలివిజన్‌లో నాటకంగా చూపవలెనని కూర్చున్న రచయితకు ఇచ్చిన వ్యవధి రెండు గంటలు. రెండు నిమిషాలైనా లేని సంఘటనను రెండు గంటల నాటకంగా ఎట్లా విస్తరించాలి? మిగిలిన కాలాన్ని దేనితో నింపాలి? దేనితో నింపితే అది చరిత్ర అవుతుంది, దేనితో నింపితే కట్టుకథ అవుతుంది? ఆకాశయానానికి ఆద్యులైన వారి జీవితాలను చిన్నతెరకు ఎక్కించిన ప్రతివారికీ ఎదురైన చిక్కు ఇదే.

ఎక్కించినవారు కొద్దిమంది కారు. 1970 దశకం ఆరంభంలో అమెరికాలో రైట్ సోదరులను గూర్చి ఒక టెలివిజన్ నాటకం వచ్చింది. అందులో స్టేసీ కీచ్, జేమ్స్ కీచ్ అనే నటులు అన్నదమ్ముల పాత్రలు ధరించారు. వారు నిజంగా అన్నదమ్ములే కావడం ఒక విశేషం. తరువాత 1978 డిసెంబరు 17న, అనగా తొలి ప్రయాణానికి సరిగా 75 సంవత్సరాలు నిండిన రోజున, ఎన్.బి.సి. సంస్థ 'ది విండ్స్ ఆఫ్ కిట్టీ హాక్' అనే చిత్రాన్ని ప్రసారం చేసింది. స్వాక్‌హామర్ దర్శకత్వం వహించాడు. మైకేల్ మొరియార్టీ విల్బర్‌గా, డేవిడ్ హఫ్‌మన్ ఓర్విల్‌గా నటించారు. అంతకు రెండేళ్ళ క్రితం, 1976లో, అదే సంస్థ అమీలియా ఇయర్‌హార్ట్ జీవితాన్ని నాటకంగా ప్రసారం చేసింది. 1984లో ఇంగ్లండులో బి.బి.సి. వారు ఎమీ జాన్సన్ కథను చూపారు. ఈ తెరనాటకాలను తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. పుస్తకం పట్టని ఎందరికో ఈ పేర్లు పరిచయమైనది వీటివల్లనే. అయితే ఈ కథలలో తెరకు సులభంగా ఎక్కేదొకటి, అసలు చరిత్ర నడిచిన చోటు మరొకటి అని మాత్రం ఒప్పుకొనక తప్పదు.

తెరకు కావలసినది దృశ్యం. విమానం కూలిపోవడం దృశ్యం, లేవడం దృశ్యం, జనం కేకలు వేయడం దృశ్యం. 1899లో విల్బర్ తన సైకిళ్ళ దుకాణంలో ఖాళీ అట్టపెట్టె నొకదానిని రెండు చేతులతో పట్టుకొని మెలిత్రిప్పుతూ ఉండగా, పక్షివలె రెక్కల కొనలను మెలిపెట్టి యంత్రాన్ని అదుపులో ఉంచవచ్చునని తోచిన ఘట్టం కూడ చక్కని దృశ్యమే. ఒక్క చూపులో అర్థమవుతుంది. కాని ఆ ఊహతో 1900లోను, 1901లోను కట్టిన గ్లైడర్లు లెక్క ప్రకారం ఎగరవలసినంతగా ఎగరలేదు. 1901 వేసవిలో తీరంనుండి తిరిగివస్తూ, మనిషి తమ జీవితకాలంలో ఎగరబోడని విల్బర్ నిరాశపడినట్లు తరువాతి కాలంలో ఓర్విల్ చెప్పుకొన్నాడు. ఇంతవరకు నాటకానికి లోటు లేదు. చిక్కంతా ఆ తరువాతనే.

ఆ శరత్కాలంలో అన్నదమ్ములు ఒక చెక్కపెట్టెను తయారు చేశారు. పొడవు 6 అడుగులు, నోరు 16 అంగుళాల చదరం. ఒక చివర పంకా. మీద కిటికీవలె ఒక గాజుపలక. లోపల రంపపుబ్లేడు ముక్కలతోను, సైకిలు చక్రపు తీగెలతోను చేసిన చిన్న తూనిక. పంకా త్రిప్పి గాలిని తోలుతూ, అరచేతిలో పట్టే రెక్కల నమూనాలను ఒకదాని తరువాత ఒకటి ఆ తూనికకు తగిలించి, గాలి దానిని ఎంత ఎత్తుతున్నదో, ఎంత వెనుకకు త్రోస్తున్నదో కొలిచారు. ఇంచుమించు రెండువందల ఆకారాలను పరీక్షించారు. ఆ కొలతలు పూర్తియైనప్పుడు ఒక సంగతి బయటపడింది. గాలి ఒత్తిడిని లెక్కకట్టడానికి 18వ శతాబ్దపు ఇంజనీరు స్మీటన్ పేర అందరూ వాడుతూ వచ్చిన గుణకం 0.005 తప్పు. అది 0.0033 దగ్గర ఉండవలెను. వారి గ్లైడర్లు సరిగా లేవకపోవడానికి ముఖ్యకారణాలలో ఇది ఒకటి. నూరేళ్ళకు పైగా పండితులు కళ్ళకద్దుకొన్న అంకెను, కళాశాల గడప తొక్కని ఇద్దరు సైకిలు వ్యాపారులు ఒక చెక్కపెట్టెతో సవరించారు.

విమానం పుట్టినది డిసెంబరు 17న ఇసుకదిబ్బల మీద కాదు, ఈ పెట్టెలో అని నా అభిప్రాయం. కాని దీనిని తెరమీద చూపడం ఎట్లా? ఇద్దరు మనుష్యులు, కోటు మెడపట్టీ విప్పకుండా, గాజుపలక మీదికి వంగి ఒక చిన్న ముల్లు ఎంత కదిలిందో చూస్తారు. ఒకడు అంకె చెబుతాడు. మరొకడు వ్రాసుకొంటాడు. మరల నమూనా మారుస్తారు. ఇట్లా వారాల తరబడి జరిగింది. ఏ దర్శకుడైనా దీనికి అరనిమిషం ఇచ్చి, గడియారం ముల్లు గిర్రున తిరిగినట్లు చూపి, తరువాతి సన్నివేశానికి పోతాడు. అతనిని తప్పుపట్టలేము. చూచేవారు లేచిపోతారు. కాని ఆ అరనిమిషం వలన ప్రేక్షకుని మనస్సులో నిలిచే భావం ఏమిటి? ధైర్యవంతులైన ఇద్దరు సోదరులు పదేపదే కిందపడి, పట్టుదలతో మరల లేచి, చివరకు ఎగిరారని. ధైర్యం వారికి ఉన్నది. కాని ధైర్యం లిలియెంథాల్‌కు కూడ ఉన్నది. జర్మనీలో గ్లైడర్లమీద రెండువేల సార్లకు దగ్గరగా ఎగిరి, 1896లో కూలి మరణించిన ఆ మహానుభావునికి కరువైనది ధైర్యం కాదు; గాలిలో యంత్రాన్ని అదుపుచేసే ఉపాయం. కారణాన్ని మార్చి చెప్పిన నాటకం, వేషభాషలలో ఎంత నిర్దుష్టంగా ఉన్నప్పటికీ, చరిత్రను తప్పుగా చెప్పినదే.

అట్లని కొలతలలో నాటకం లేదని కాదు. వెదకే కన్ను ఉంటే అక్కడా దొరుకుతుంది. 1902లో ఓర్విల్ ఒక రాత్రి కాఫీ ఎక్కువగా త్రాగి నిద్రపట్టక పొర్లుతూ, వెనుక బిగించి ఉన్న చుక్కానిని కదిలేటట్లు చేస్తే గ్లైడరు ప్రక్కకు జారిపోయే దోషం పోవునని ఊహించాడు. మరునాడు ఉదయం ఫలహారం దగ్గర ఆ మాట అన్నకు చెప్పాడు. విల్బర్ కొంచెంసేపు ఆలోచించి, ఆ చుక్కానిని రెక్కల మెలికకు తగిలించి రెండూ ఒకే కదలికతో పనిచేసేటట్లు చేద్దామన్నాడు. తమ్ముని ఊహ సగం, అన్న ఊహ సగం. కాఫీగిన్నెల నడుమ తేలిన ఈ సమస్య కొలిక్కి వచ్చిన తరువాత వారి గ్లైడరు గాలిలో మాట విన్నది.

ప్రొపెల్లర్ల సంగతి ఇంకా రమ్యమైనది. ఓడల ప్రొపెల్లర్లకు ఏదో శాస్త్రం ఉండి ఉండునని, దానిని తెచ్చుకొని వాడుకోవచ్చునని సోదరులు అనుకొన్నారు. తీరా వెదికితే అటువంటి శాస్త్రం లేదు. తామే కల్పించవలసి వచ్చింది. రోజుల తరబడి వాదించుకొన్నారు. వారి దుకాణంలో పనిచేసిన యంత్రకారుడు చార్లెస్ టెయిలర్ ఆ వాదాలను విన్నవాడు. ఇద్దరూ గొంతు చించుకొని అరుచుకొనేవారు. గంటల తరబడి పోట్లాడిన తరువాత, అన్న తమ్ముని పక్షానికి, తమ్ముడు అన్న పక్షానికి మారి ఉండేవారు. మరల మొదలు! ఈ సన్నివేశానికి తెర అక్కరలేదు. రెండు కంఠాలు, వెనుక ఇంజను చప్పుడు ఉంటే చాలు. మన రేడియో నాటకశాలలో దీనిని ఇంతకంటె బాగా వినిపించవచ్చునని నాకు తోస్తుంది. ఈ టెయిలర్ మాత్రం నాటకాలలో తరచు మూల నిలబడిపోతాడు. 12 అశ్వశక్తిగల ఆ మొదటి ఇంజనును సరియైన పటాలు లేకుండ, ఆరు వారాలలో తయారు చేసినది అతడే.

ఇంటి సంగతులు కొన్ని చెప్పవలెను. కల్పన అవసరం లేని నాటకం అక్కడ నిలువలుగా ఉన్నది. వారి తండ్రి మిల్టన్ రైట్ క్రైస్తవ మతగురువు. ఇద్దరు కొడుకులూ ఒకే యంత్రంలో ఎన్నడూ ఎక్కరాదని ఆయన మాట తీసుకొన్నాడు. ప్రమాదం జరిగితే ఒకడైనా మిగిలి పని సాగించవలెనని ఆయన ఆలోచన. ఆ మాటకు ఒకే ఒకసారి మినహాయింపు లభించింది. 1910 మే 25న, డేటన్ సమీపంలోని హఫ్‌మన్ మైదానంలో, తండ్రి అనుమతితో అన్నదమ్ములు కలిసి ఆరు నిమిషాలు ఎగిరారు. అదేరోజు ఓర్విల్ తన తండ్రిని కూడ ఎక్కించుకొని తీసుకుపోయాడు. అప్పటికి ఆయనకు 81 ఏళ్ళు. పైకి పోయిన తరువాత ఆ వృద్ధుడు కొడుకు చెవి దగ్గరకు వంగి, ఇంకా పైకి పొమ్మన్నాడట. రెండేళ్ళలో, 1912 మే 30న, విల్బర్ టైఫాయిడు జ్వరంతో 45వ ఏట మరణించాడు.

చెల్లెలు కాథరిన్ లాటిన్ ఉపాధ్యాయిని. 1908 సెప్టెంబరు 17న ఫోర్ట్ మయర్‌లో ఓర్విల్ నడుపుతున్న విమానం కూలి, ప్రక్కన కూర్చున్న లెఫ్టినెంట్ సెల్ఫ్‌రిడ్జ్ చనిపోయాడు. శక్తితో నడిచే విమానానికి బలియైన మొదటి వ్యక్తి ఆయనే. ఓర్విల్ తీవ్రంగా గాయపడ్డాడు. కాథరిన్ ఉద్యోగం వదలి వచ్చి వారాల తరబడి ఆసుపత్రిలో అన్నకు పరిచర్య చేసింది. అటువంటి చెల్లెలు 1926లో, తన 52వ ఏట, వివాహం చేసుకొనగా ఓర్విల్ ఆమెతో మాటలు మానివేశాడు. 1929లో ఆమె న్యుమోనియాతో మరణశయ్యపై ఉన్నప్పుడు గాని చూడబోలేదు. నాటకాలు సామాన్యంగా 1903తోనో 1908తోనో ముగుస్తాయి. విజయం దగ్గర తెర దించడం రచయితకు సుఖం. కాని ఈ చివరి ఘట్టం లేకుండ ఓర్విల్ ఎటువంటివాడో మనకు పూర్తిగా తెలియదు.

ఇక ప్రతినాయకుని సంగతి. నాటకానికి ప్రతినాయకుడు లేనిదే సాగదని రచయితల నమ్మకం. గాలి, గురుత్వాకర్షణ ప్రతినాయకులే గాని, వాటికి ముఖం లేదు. కాబట్టి ముఖం గల మనుష్యుల కోసం చూస్తారు. 1978 నాటి చిత్రంలో గ్లెన్ కర్టిస్‌తోను, అతనికి అండగా నిలిచిన అలెగ్జాండర్ గ్రాహం బెల్‌తోను పోటీ ప్రధానమైనది. మరికొందరికి శామ్యూల్ లాంగ్లీ దొరికాడు. స్మిత్సోనియన్ సంస్థకు అధిపతియైన ఈ శాస్త్రజ్ఞుడు, అమెరికా యుద్ధశాఖవారిచ్చిన 50,000 డాలర్లు ఖర్చుపెట్టి కట్టిన యంత్రం, రైట్ సోదరులు ఎగరడానికి తొమ్మిది రోజులు ముందు, 1903 డిసెంబరు 8న పొటోమాక్ నదిలో పడిపోయింది. ఇంతకంటె చక్కని వ్యంగ్యం కథకు దొరకదు. లాంగ్లీని గర్విష్ఠిగా చూపి నదిలో ముంచితే ప్రేక్షకుడు నవ్వుతాడు. కాని ఆయన 1896లో ఆవిరియంత్రంతో నడిచే మనిషిలేని నమూనాను అరమైలుకు పైగా ఎగిరించిన ఘనుడు. పత్రికల పరిహాసానికి గురియై, 1906లో మరణించాడు. నవ్వులపాలు చేయడానికి ఆయన తగడు.

నిజమైన అన్యాయం లాంగ్లీ చనిపోయిన తరువాత జరిగింది. దానిని చేసినవారికి ఆయన పేరు ఒక పనిముట్టు అయింది. రైట్ సోదరుల పేటెంటు మీద కర్టిస్ న్యాయస్థానంలో ఓడిపోయాడు. ఆ 1914వ సంవత్సరంలోనే స్మిత్సోనియన్ వారు లాంగ్లీ పాతయంత్రాన్ని కర్టిస్ చేతికిచ్చి, న్యూయార్కు రాష్ట్రంలోని హామండ్స్‌పోర్టు దగ్గర సరస్సు మీద ఎగిరించమన్నారు. అతడు రెక్కల వంపు మార్చి, బిగింపు మార్చి, మరికొన్ని సవరణలు చేసి, నీటిమీదనుండి కొద్ది దూరం లేపాడు. తరువాత సంస్థవారు ఆ మార్పులన్నీ తొలగించి, యంత్రాన్ని మరల 1903 నాటి రూపానికి తెచ్చి, మనిషిని మోసుకొని ఎగరగల శక్తి చరిత్రలో మొదట గలిగిన విమానం ఇదేనని పేరుపలక వ్రాసి ప్రదర్శనశాలలో నిలబెట్టారు. ఇది కూడ ఒక నాటకమే కదా! రంగస్థలం ఉన్నది, వేషం ఉన్నది, ప్రేక్షకులున్నారు. నాటకమని చెప్పకుండ చరిత్ర అని చెప్పడం ఒక్కటే భేదం.

ఓర్విల్ చాలాకాలం నిరసన తెలిపాడు. ఫలితం లేకపోగా, 1928లో తమ 1903 నాటి యంత్రాన్ని పెట్టెలలో సర్ది లండన్‌లోని సైన్సు మ్యూజియానికి పంపివేశాడు. అమెరికాలో పుట్టిన మొదటి విమానాన్ని చూడవలెనంటే అమెరికనులు సముద్రం దాటిపోవలసిన స్థితి వచ్చింది. 1942లో స్మిత్సోనియన్ సంస్థ 1914 నాటి మార్పులను ఒక్కటొక్కటిగా ప్రకటించి, తమ పూర్వవాదాన్ని ఉపసంహరించుకొన్నది. 1948 జనవరి 30న ఓర్విల్ మరణించాడు. ఆ సంవత్సరమే యంత్రం స్వదేశానికి తిరిగివచ్చి, డిసెంబరు 17న వాషింగ్టన్‌లో ప్రజలకు చూపబడింది. అతడు మాత్రం చూడలేదు. ఒక పేరుపలక మీది మాటల కోసం మనిషి ఇంత పట్టుదల పూనడం అవసరమా అని కొందరికి తోచవచ్చును. పేరుపలకను చదివేవారు దాని వెనుకనున్న కాగితాలను చదవరు. టెలివిజన్ నాటకం కూడ అటువంటి పేరుపలకయే. ఒకసారి ఇంటింటా వెలిగితే, ఎన్ని గ్రంథాలు వచ్చినా దానిని చెరపడం కష్టం.

మనదేశానికి వద్దాము. ఎమీ జాన్సన్ అనే ఆంగ్లయువతి 1930 మే 5న లండన్ సమీపంలోని క్రాయిడన్‌లో 'జేసన్' అనే చిన్న జిప్సీ మాత్ విమానమెక్కి, ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయలుదేరింది. ఆమె చేపల వ్యాపారి కుమార్తె. విమానం ఇంజనును విప్పి బిగించే లైసెన్సు స్వయంగా సంపాదించినది. ఆరవ రోజుకు కరాచీ చేరేసరికి, ఆ దూరానికి అంతకుముందున్న రికార్డు రెండు రోజులతో వెనుకబడింది. అక్కడనుండి అలహాబాదుకు పోతూ పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగవలసి వచ్చింది. మైదానం చిన్నది, విమానానికి దెబ్బ తగిలింది. బాగుచేయించుకొని అలహాబాదు, కలకత్తాల మీదుగా బర్మా చేరింది. రంగూను దగ్గర ఇన్సీనులో పొరబాటున ఒక సాంకేతిక విద్యాలయపు ఆటస్థలంలో దిగి గోతిలో పడింది. అక్కడి ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి రెక్కను బాగుచేశారు. ఆ ఆలస్యంతో రికార్డు మీద ఆశ పోయింది. మే 24న డార్విన్ చేరినప్పుడు, ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరివచ్చిన మొదటి స్త్రీగా లోకం ఆమెకు నీరాజనం పట్టింది.

బి.బి.సి. వారి 'ఎమీ' నాటకంలో ఈ పాత్రను హారియట్ వాల్టర్ ధరించింది. ఆమె కథను ఎవరు వ్రాసినా వారి చేయి తేలికగా పోయేది రెండు చోట్లకు: జిమ్ మోలిసన్‌తో ఆమె వివాహం చెడిపోవడం, 1941 జనవరిలో థేమ్స్ నది ముఖద్వారంలో పడి మరణించడం. రెండూ నిజమే. అయినను ఆ యాత్రలో నాకు మిక్కిలి ప్రియమైనది ఇన్సీను విద్యార్థులు సూదీదారంతో రెక్కకు గుడ్డ కుట్టడం. ఒంటరి ప్రయాణమని పేరేగాని, ఎందరి చేతులు పడితే ఆ విమానం గమ్యం చేరింది!

మనవారి కథలలో కూడ ఇటువంటి ఘట్టాలు లేకపోలేదు. భారతదేశానికీ ఇంగ్లండుకూ మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. 1930లో జె.ఆర్.డి. టాటా ఇక్కడనుండి అటు బయలుదేరారు. ఆస్పీ ఇంజనీర్ అనే యువకుడు అటునుండి ఇటు వస్తున్నాడు. ఈజిప్టులో అలెగ్జాండ్రియా సమీపాన అబూకిర్‌లో ఇద్దరూ కలుసుకొన్నారు. ఆస్పీ దగ్గర అదనపు స్పార్కు ప్లగ్గులు లేక ఆగిపోయాడు. టాటా తనవి ఇచ్చారు. బహుమతి ఆస్పీకి దక్కింది. కాలాంతరంలో ఆయన భారత వైమానిక దళానికి అధిపతి అయినారు. టాటా 1932 అక్టోబరు 15న కరాచీనుండి బొంబాయికి తొలి తపాలా విమానాన్ని స్వయంగా నడిపారు. అక్కడనుండి నెవిల్ వింట్‌సెంట్ ఆ సంచులను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. మన తెలుగువారికి సన్నిహితమైన బళ్ళారి మైదానంలో ఆ చిన్న విమానం దిగినప్పుడు చూచినవారెవరో, ఏమనుకొన్నారో! ఒక ప్లగ్గు ఇచ్చిన కథకు ప్రతినాయకుడు లేడు. ఇద్దరూ మంచివారే. వ్రాయగలవారికి ఇది పరీక్ష.

మరొక దారి కూడ ఉన్నది. అది ప్రమాదకరమైనది. 1895లో బొంబాయి చౌపాటీ తీరాన శివకర్ బాపూజీ తల్పడే మనిషిలేని విమానం ఎగిరించాడనే కథ మనలో ప్రచారంలో ఉన్నది. 2015లో 'హవాయిజాదా' అనే హిందీ చిత్రం దీనిని వెండితెరకు ఎక్కించింది. తల్పడే కల్పిత వ్యక్తి కాడు, సంస్కృతజ్ఞుడు, ఉత్సాహవంతుడు. కాని ఆ ఎగరడాన్ని గూర్చి నమ్మదగిన సమకాలిక సాక్ష్యం చరిత్రకారులకు లభింపలేదు. ప్రాచీన గ్రంథమని చెప్పబడే 'వైమానిక శాస్త్రం' 20వ శతాబ్దారంభం కంటె పూర్వపుది కాదనీ, అందులో వర్ణించిన యంత్రాలు ఎగరజాలవనీ 1974లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు పండితులు పరిశోధించి తేల్చారు. హామండ్స్‌పోర్టులో ఒక దేశపు ప్రదర్శనశాల చేసిన పనిని మనం స్వదేశాభిమానం పేర చేయడం తగదు. అబూకిర్‌లో జరిగిన నిజాన్ని పక్కకు పెట్టి, జరిగినట్లు రుజువులేని దానికి దీపాలు వెలిగించడం ఎందుకు?

చివరకు అమీలియా ఇయర్‌హార్ట్. 1932లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా దాటిన మొదటి స్త్రీ. 1937లో భూగోళాన్ని చుట్టివస్తూ, జూన్ నెలలో కరాచీలోను, కలకత్తా డండంలోను దిగింది. వానాకాలం మొదలై ఉన్నది. అక్కడనుండి బర్మా, సింగపూరు, ఆస్ట్రేలియాల మీదుగా న్యూగినీ ద్వీపంలోని లే పట్టణం చేరి, జూలై 2న నావిగేటరు ఫ్రెడ్ నూనన్‌తో కలిసి, రెండున్నర వేల మైళ్ళ దూరంలో పసిఫిక్ మధ్యనున్న హౌలాండ్ అనే చిన్న దీవికి బయలుదేరింది. తరువాత ఆమెను చూచినవారు లేరు.

1976లో సూసన్ క్లార్క్, 1994లో డయన్ కీటన్ ఈమె పాత్రను టెలివిజన్‌లో ధరించారు. ఆఖరి గంటలకు వచ్చేసరికి, చూపదలచిన రచయిత ఎవరైనా కాక్‌పిట్ లోపలికి పోవలసినదే. అక్కడ ఇద్దరూ ఏమనుకొన్నారు, ముఖాలు ఎట్లా ఉన్నవి, చేతులు వణికినవా, చెప్పగలవారు ఎవరున్నారు? ఆ గంటలను గూర్చి చరిత్రకు దక్కినది ఒక్క కంఠం. హౌలాండ్ దగ్గర నిలిచి, ఆమెకు దారి చూపడానికి కాచుకొని ఉన్న 'ఇటాస్కా' అనే ఓడలోని వైర్‌లెస్ ఆపరేటర్లు విన్న కంఠం. తాము ఓడకు దగ్గరనే ఉండి ఉండవలెననీ, కాని కనబడడం లేదనీ, పెట్రోలు తగ్గిపోతున్నదనీ ఆమె చెప్పింది. కంఠం అంత గట్టిగా వినబడడంతో ఒక ఆపరేటరు బయటికి వచ్చి ఆకాశం వైపు చూచాడు. వారి మాట మాత్రం ఆమెకు అందలేదు. ఉదయం 8 గంటల 43 నిమిషాలకు, 157–337 గీత మీద ఉన్నామని చెప్పిన మాట దినచర్యలో వ్రాసుకొన్నారు. ఆపరేటర్లు ఆ తరువాత కూడ చాలాసేపు ఆమెను పిలుస్తూనే ఉన్నారు.